కుందేలు ముట్టిన ఓళిగ

బళ్లారి నుంచి అట్టపెట్టెలో కుందేలు వచ్చిన రోజున సంజీవప్ప ఇంట్లో చాలాకాలానికి నవ్వు వినిపించింది. నవ్వింది చిన్నకూతురు లహరి. పెట్టె మూత తీయగానే తెల్లటి చెవులు రెండు పైకి లేచేసరికి ఆ పిల్ల గట్టిగా నవ్వి, వెంటనే తప్పు చేసినట్టు చేత్తో నోరు మూసుకుంది.

ఎండాకాలంలో వాళ్ల చిన్నాయనను తిప్పన్న మనుషులు బోరు దగ్గర నరికి చంపినప్పటి నుంచి ఆ ఇంటి ఆడపిల్లలు గేటు దాటలేదు. లహరి బడి ఆగిపోయింది. పెద్దకూతురు ప్రసూన రాయదుర్గంలో చదువుతున్న ఇంటర్ మధ్యలోనే నిలిచిపోయింది. గేటు దగ్గర పగలూ రాత్రీ మనుషులుండేవారు. వాళ్లందరికీ పెద్ద వీరేష్. చిన్నాయన జీపు నడిపినవాడు అతనే. ఆ రోజు ఒక్కరోజే నడపలేదు. అప్పటి నుంచి అతను ఎవరినీ నమ్మడం మానేశాడు.

"బిడ్డ మాట్లాడకుండా అయిపోతాండాది. ఇదన్నా ఉంటే ఆడుకుంటాది," అని సంజీవప్ప కుందేలును లహరి ఒళ్లో పెట్టాడు. లహరి దానికి మల్లి అని పేరు పెట్టింది. ఆడుకోవడం లహరిదైంది, సాకడం ప్రసూనదైంది.

మొదట పాత కోళ్లగూట్లో ఉంచారు. గూటికి వేసిన ఆకుపచ్చ రంగును కుందేలు పళ్లతో గీకడం ప్రసూన చూసింది. రంగు పెచ్చులు కడుపులోకి పోతే ఏమవుతుందోనని గూడు తీసేసి, రంగు వేయని వెదురుగంప బోర్లించి పెట్టింది. కింద మెత్తగా ఉంటుందని వీరేష్ రాయదుర్గంలో జీన్సు కుట్టేచోటు నుంచి గుడ్డపీలికలు ఒక సంచి తెచ్చిచ్చాడు. రెండో రోజుకే కుందేలు నీలిదారాలు పీకి నమలడం మొదలుపెట్టింది. ప్రసూన పీలికలన్నీ ఏరి పొయ్యిలో వేసి, ఎండుగడ్డి పరిచింది.

తిండే కష్టమైంది. ఆ ఏడు కూడా వాన ముఖం చాటేసింది. చేలల్లో శెనక్కాయ జానెడు కూడా లేవలేదు. లేచినచోట పురుగుమందు వాసన. వాడిపోయి మళ్లీ చిగురేసిన జొన్నపిలకలు పచ్చగానే ఉన్నాయిగానీ, వాటిని మేసి ఆవులు పడిపోవడం ఆ ఊళ్లో అందరూ చూసినదే. చివరికి పెరట్లో కొళాయి నీళ్లు పారేచోట మొలిచిన గరిక ఒక్కటే నమ్మకంగా కనిపించింది. అది కోసి, కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టేది. కుందేలు ముక్కు కదిలించే తీరు, పుల్లను ఒకవైపు నుంచి లోపలికి లాక్కునే తీరు చూస్తూ కూర్చునేది. పొద్దున్నే గంప ఎత్తి పెంటికలు గుండ్రంగా, పొడిగా ఉంటే ఆ రోజుకు నిశ్చింత.

బర్రెలకు సూది వేయడానికి వచ్చిన పశువుల కాంపౌండరు సుంకన్నను కూడా అడిగింది.

"గడ్డి తినే జీవం తల్లీ, గడ్డే పెట్టు," అన్నాడతను. "గింజలు, బిస్కట్లు, తీపి పెట్టొద్దు. అది ఆశగా తింటాది, కానీ ఓర్చుకోలేదు. దానికి వాంతి రాదు. లోపలికి పోయిందంటే పోయినట్టే. కడుపుబ్బి సచ్చిపోతాది."

గేటు దగ్గర బీడీ కాలుస్తున్న వీరేష్ తల తిప్పాడు. "ఏందీ, వాంతి రాదా?"

"రాదప్పా."

"భలే ఉండాదే," అన్నాడు వీరేష్. ఆ మాట ప్రసూనకు ఎందుకో నచ్చలేదు.

మడకశిర నుంచి దూరపు చుట్టం ఒకాయన మైసూరుపాకు తెచ్చిన రోజు అది తమాషాగానే మొదలైంది. చుట్టం వెళ్లిపోయాక వీరేష్ పొట్లం విప్పి, చిన్నముక్క తుంచి గంప కిందికి తోశాడు. "ముందు మా మల్లెమ్మకు నైవేద్యం," అన్నాడు. అందరూ నవ్వారు. కుందేలు తినేసి మూతి నాక్కుంది. కాసేపు చూసి, "ఇంగ తిను అన్నా," అని పొట్లం సంజీవప్ప ముందు పెట్టాడు. సంజీవప్పా నవ్వుతూనే తిన్నాడు.

"దానికి తీపి పెట్టగూడదు వీరేషన్నా," అంది ప్రసూన.

"మీ నాయనకు పెట్టొచ్చా మరి?" అన్నాడతను.

తరువాతిసారి ఎవరూ నవ్వలేదు. అవతలి పక్షం తిప్పన్న మనుషులు కల్లులో మందు కలిపి ఎవరినో చంపబోయారని సంతలో పుకారు పుట్టింది. పురుగుమందు లేని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. డబ్బా మూత తిప్పడమే పని. ఇక బయటి నుంచి ఏది వచ్చినా ముందు గంప దగ్గరికి వెళ్లేది. పెళ్లివారిచ్చిన లడ్డు, గుడి నుంచి వచ్చిన చక్కెర పొంగలి, చివరికి టీకొట్టు బన్ను కూడా. ప్రసూన చూస్తుండగానే కుందేలు గరిక వదిలేసి మనుషుల అడుగుల చప్పుడుకు చెవులు రిక్కించడం నేర్చుకుంది. పెంటికలు చిన్నవైపోయాయి. మెత్తబడ్డాయి. నాయనతో చెప్పింది.

"నాలుగు దినాలు ఓర్చుకో పాపా," అన్నాడాయన. "రాజీ అయిపోతే నీ కుందేలు నీది."

రాజీ మాట నిజమే. రాయదుర్గం పెద్దలు కల్పించుకున్నారు. సోమవారం సత్రంలో రెండు పక్షాలూ కలిసి భోజనానికి కూర్చోవాలి. కూర్చుంటే కత్తులు లోపలికి వెళతాయి, లహరి బడికి వెళుతుంది. ఆ రోజు కోసం ఇంట్లో అందరూ ఊపిరి బిగపట్టుకుని ఉన్నారు.

శనివారం పొద్దున ప్రసూన గంప ఎత్తేసరికి కింద ఒక్క పెంటిక కూడా లేదు. రాత్రి పెట్టిన గరిక పెట్టినట్టే ఉంది. గడ్డిలో బూందీ పలుకులు మెరిశాయి. కుందేలు మూలకు ముడుచుకుని పళ్లు కొరుకుతోంది. కడుపు తాకితే డోలుచర్మంలా బిగుసుకుని ఉంది. ఒళ్లో పెట్టుకుని నిమిరింది. గోరువెచ్చటి నీళ్లు పట్టబోతే మూతి తిప్పుకుంది. సుంకన్నను పిలిపించమని అమ్మ భద్రమ్మతో చెప్పింది. "ఈ గొడవలో కుందేలుకు వైద్యమా!" అని అమ్మ విసుక్కుంది.

ఎండ ఎక్కాక తిమ్మక్క వచ్చింది. ఆ ముసలామె పుట్టిల్లు తిప్పన్న వీధి, మెట్టినిల్లు ఈ వీధి. రెండు వైపులా తిరగగలిగేది ఆమె ఒక్కతే. చేతిలో స్టీలు డబ్బా.

"తిప్పన్న పెండ్లాం మారెక్క పూర్ణం పెట్టి ఓళిగలు చేసి పంపించింది సంజీవా. రాజీకి ముందు నోరు తీపి చేసుకోమంది. నెయ్యి కారతాండాయి చూడు."

సంజీవప్ప డబ్బా వైపు చూశాడు. వీరేష్ వైపు చూశాడు. వీరేష్ అప్పటికే పెరట్లోకి నడిచాడు.

"వద్దన్నా, దానికి బాగలేదు. పొద్దున్నుంచీ ఏమీ తినలే," అంటూ ప్రసూన గంపకు అడ్డంగా నిలబడింది.

"ఒక ముక్క. అంతే కదమ్మాయ్."

అతను కుందేలును చెవులు పట్టి ఎత్తి వసారాలోకి తెచ్చాడు. ఓళిగ ముక్క మూతి దగ్గర పెడితే అది వాసన కూడా చూడలేదు. వేలితో పళ్లసందున కుక్కాడు. కుందేలు గిలగిల కొట్టుకుని మింగింది. కింద వదిలితే రెండడుగులు వేసి పక్కకు ఒరిగింది. వెనక కాళ్లు చాచింది. తిమ్మక్క తాగుతున్న మజ్జిగ గ్లాసు ఇంకా ఖాళీ కాలేదు. దాని కళ్లు అలాగే తెరుచుకుని ఉండిపోయాయి.



"చూసినావా అన్నా," అన్నాడు వీరేష్ మెల్లగా. "రాజీ అంట. ఓళిగలంట."

తిమ్మక్క గ్లాసు చేజారింది. "నా ఎదురుంగానే కాల్చింది నాయనా! పసిపిల్లోళ్లు తిన్యారు, నేను తింటి..."

"నువ్వు తిన్నెవి వేరే. ఇవి వేరే."

"ఇప్పుడే తింటా, తే!"

"నీకేమవ్వా, కాటికి కాళ్లు చాపినావు. నిన్ను పంపిందే అందుకు. ఆ అరుగు మీద కూచో. కదిలినావంటే చూడు."

సంజీవప్ప లేచాడు. "జీపు తీయండ్రా," అన్నాడు. గొంతులో కోపం లేదు. అది లేనందుకే ప్రసూనకు భయమేసింది. మనుషులు కొట్టం వైపు పరుగెత్తారు. గడ్డికింద ఇనుము గీసుకున్న చప్పుడైంది. తిప్పన్న ఇంట్లో ఈపాటికి అందరూ అన్నాలకు కూర్చుని ఉంటారు.

"నాయనా!" ప్రసూన గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "అది నిన్నటి నుంచే చస్తాండాది. పెంటికలు వేయలే. కడుపు ఉబ్బింది. మీరు పెట్టిన తీపికే చచ్చింది. ఓళిగలకు కాదు."

కొట్టం నుంచి వస్తున్నవాడొకడు నవ్వాడు. "పెంటికలు చూసి జాతకం చెప్తాందప్పా!"

"లోపలికి పో పాపా," అన్నాడు సంజీవప్ప.

ప్రసూన పోలేదు. కుందేలు ఎందుకు చచ్చిందో ఆమెకు తెలుసు. కానీ ఓళిగలో ఏముందో తెలియదు. ఈ రెండూ వేరువేరు సంగతులని ఆమెకు ఆ క్షణంలో బాగా అర్థమైంది. మారెక్క ముఖం ఒకసారి జాతరలో చూసింది. అంతే. జీపు ఇంజను గురగురమంది. ప్రసూన వంగి డబ్బాలోంచి ఓళిగ తీసి, మడిచి, నోట్లో పెట్టుకుంది.

"ఏమ్మే! ఉమ్మెయ్, ఉమ్మెయ్!" అని భద్రమ్మ వచ్చి దవడలు పట్టుకుంది. ప్రసూన నమిలింది. బెల్లం, యాలకులు, నెయ్యి. చివర్లో కొంచెం చేదు తగిలింది. బెల్లం మాడిన చేదా, మరేదైనానా అని ఆలోచించేలోపే మింగేసింది. ఇంకొకటి తీసుకుని అదీ తినేసింది.

"ఇప్పుడు పోండి," అంది. "నాకేమైనా అయితేనే పోండి."

సంజీవప్ప చెయ్యెత్తాడు. ఇంజను ఆగింది.

భద్రమ్మ చెంబులో ఉప్పునీళ్లు కలిపి తెచ్చింది. ప్రసూన పళ్లు బిగించింది. తాగితే కక్కాలి. కక్కితే వీళ్లకు అదే సాక్ష్యం. గోడకు ఆనుకుని కూర్చుంది. ఎదురుగా వీరేష్ గొంతుక్కూర్చుని రెప్ప వేయకుండా ఆమెనే చూస్తున్నాడు. కత్తి తొడల మీద అడ్డంగా పెట్టుకున్నాడు. అరుగు మీద తిమ్మక్క నోట్లో నోట్లో దేవుళ్లను పిలుస్తోంది. లహరి వచ్చి కుందేలును లేపబోయింది. ఎవరో ఆ పిల్లను ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లారు.

ప్రసూనకు కడుపులో తిప్పడం మొదలైంది. చెమట పట్టింది. విషమా, భయమా? నోట్లో నీళ్లూరాయి. మింగింది. మళ్లీ ఊరాయి, మళ్లీ మింగింది.

"ముఖం తెల్లబడతాండాది అన్నా," అన్నాడు వీరేష్.

"గమ్మునుండు," అన్నాడు సంజీవప్ప.

ఆయన కూతురి పక్కకు రాలేదు. దూరంగా స్తంభం దగ్గరే నిలబడి ఉన్నాడు. గోడనీడ వాకిలి సగం దాటింది. ఆకలేసి బర్రె అరిచింది. ప్రసూన లేచి నాలుగడుగులు వేసి, కుందేలును ఎత్తి, గుడ్డ కప్పింది. పడిపోలేదు.

"జీపు లోపల పెట్టండి," అన్నాడు సంజీవప్ప చాలాసేపటికి. తిమ్మక్క బోరుమంది.

కుందేలును పెరట్లో పాతిపెట్టారు. ఆ సాయంత్రం సంజీవప్ప ప్రసూన పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్లలో అంత దగ్గరగా కూర్చోవడం ఆమెకు గుర్తులేదు.

"బళ్లారి నుంచి ఇంకోటి తెప్పిస్తాలే."

"వద్దు నాయనా. కుందేలు తీపికీ చస్తాది, భయానికీ చస్తాది. దాన్ని నమ్ముకుని మీరు మనుషుల్ని చంపుతారు. ఇంగ యే జీవాన్నీ తేవద్దు."

ఆయన కూతురి ముఖంలోకి తేరిపార చూశాడు. "అదీ నిజమేలే," అన్నాడు. ఆమె తల నిమిరి లేచిపోయాడు.

సోమవారం పొద్దున భద్రమ్మ తన పట్టుచీర తెచ్చి ప్రసూన మంచం మీద పెట్టింది. "కట్టుకో. నువ్వూ రావాలంట." కూతురి ముఖం చూడలేదు.

"ఆడోళ్లు ఎవరూ పోవడంల్యా కదమ్మా?"

భద్రమ్మ చీర మడతలు సరిచేస్తూనే ఉంది.

సత్రంలో రెండు వరసల్లో ఆకులు వేశారు. ఒక వరసలో సంజీవప్ప మనుషులు, ఎదురు వరసలో తిప్పన్న మనుషులు. మధ్యలో పెద్దలు. ఓళిగ, పప్పు, అన్నం వడ్డించారు. పెద్దాయనొకరు, "ఇంగ కానీండప్పా," అన్నాడు. ఎవరి చెయ్యీ ఆకులోకి వెళ్లలేదు. ఆవిర్లు లేస్తున్న అన్నం మీదికి ఈగలు వచ్చాయి.

సంజీవప్ప తన ఆకును పక్కనున్న ప్రసూన ముందుకు మెల్లగా జరిపాడు. బతిమాలినట్టూ లేదు, ఆజ్ఞాపించినట్టూ లేదు. ఇంట్లో నీళ్లచెంబు జరిపినట్టు జరిపాడు.

ప్రసూన ముద్ద కలిపి తిన్నది. అన్నీ కొంచెం కొంచెం తిన్నది. శనివారం జరిగింది తిమ్మక్క తిప్పన్న వీధిలోనూ చెప్పి ఉంటుంది. అందరి చూపులూ ఆమె గొంతు మీదే ఉన్నాయి. కాసేపటికి సంజీవప్ప ఆకును వెనక్కి లాక్కుని తినడం మొదలుపెట్టాడు. వీరేష్ తన ఆకు జరిపాడు.

తిప్పన్న ఇంకా చేతులు ఒళ్లోనే పెట్టుకుని ఉన్నాడు. నెరిసిన మీసాల మనిషి. ముఖం మంచిగానే ఉంది. రెండు వేళ్లతో తన ఆకు అంచు పట్టి, నేల మీద జారుస్తూ ఆమె ముందుకు తెచ్చాడు.

"ఈడ కూడా ఒక ముద్ద, తల్లీ," అన్నాడు.

అతని వరసంతా ఎదురుచూస్తోంది. ప్రసూన చెయ్యి చాచింది.