ఇంట్లో ఉన్నట్టే

“నీ మాట మెత్తగా ఉంటుంది, వాళ్ళకి నువ్వే నేర్పు” అన్నాడు మా ఆయన. నేనప్పుడు ఉల్లిపాయలు తరుగుతున్నాను. మా బట్టీలో ఇటుకలు కోసేవాళ్ళందరికీ రెండుపూటలా వండేది నేనే కాబట్టి, నా కళ్ళలో నీళ్ళు చూసి ఈ ఇంట్లో ఎవరూ కంగారుపడరు. పెళ్ళైన కొత్తలో “మా ఆవిడకి మాట్లాడటం రాదు” అని నలుగురిలో నవ్వించింది ఈయనే. అవసరం వచ్చేసరికి నా నోరు మెత్తబడిపోయింది, చూశారా!

సంగతేమిటంటే, మా ఇటుక కొనే పెద్ద కట్టడాల కంపెనీ ఎవరో ఒకావిడని తనిఖీకి పంపిస్తోందట. మనుషుల్ని కదలనివ్వకుండా పనిచేయించుకునే బట్టీల ఇటుక తమ మేడల్లో ఒక్కటి కూడా ఉండకూడదని వాళ్ళ కొత్త నియమమట. “మనమేమన్నా గొలుసులేసి కట్టేశామా?” అని మా ఆయన రుసరుసలాడాడు. గొలుసులు లేవు, నిజమే. అందరి గుర్తింపు కార్డులూ ఫోన్లూ మా పడగ్గది బీరువాలో ఉన్నాయి. తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా ఎవరూ గేటు దాటకూడదు. ఇంక గొలుసులెందుకు, ఇనుం దండగ!

మర్నాడు పొద్దున షెడ్డు ముందు అందర్నీ కూర్చోబెట్టి పాఠం మొదలెట్టాను.

“మీ కార్డు ఎవరి దగ్గరుందని అడిగితే ఏం చెప్పాలి?”

“అయ్యగారి బీరువాలో ఉందని” అన్నాడు మట్టి తొక్కే పెద్దాయన, ఠక్కున.

“అయ్యో నా రాత! నా దగ్గరే ఉంది అనాలి పెద్దాయనా.”

“నా దగ్గరే ఉందమ్మా, అయ్యగారి బీరువాలో.”

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆయన చేత సరిగ్గా చెప్పించాను. ఇక్కడెలా ఉంది అని అడిగితే చెప్పడానికి ఒక జవాబు నేనే కల్పించాను, “ఏ లోటూ లేదమ్మా, ఇంట్లో ఉన్నట్టే ఉంది” అని. అది విని మా ఆయన భుజం తట్టాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

పిచ్చుక మాత్రం నోరు విప్పలేదు. పిట్టంత మనిషి, గెంతుతున్నట్టు నడుస్తుందని అందరూ పెట్టిన పేరది. నాలుగేళ్ళ కూతుర్ని తల్లి దగ్గర వదిలేసి పనికొచ్చింది. ఆ పిల్లకి జ్వరం పట్టుకుని వదలడం లేదు. పిచ్చుక ఫోను బీరువాలో ఉంది కాబట్టి కబురు నా ఫోనుకొచ్చింది. “అమ్మా అమ్మా అని కలవరిస్తోంది తల్లీ, దాన్ని ఒక్కసారి పంపించండి” అని ముసలామె ఏడ్చింది. మా ఆయనతో చెబితే, “పంపిస్తే మళ్ళీ వస్తుందా? జ్వరాలు ఎవరికి రావు!” అని అటు తిరిగి పడుకున్నాడు. రోజూ నీళ్ళబిందె వంకతో పిచ్చుక వంటింటి గుమ్మంలోకొచ్చి, “అక్కా, అయ్యగారు ఏమన్నారు?” అంటుంది. “చూద్దామన్నారే” అంటాను. మింగలేను, కక్కలేను.

కంపెనీ ఆవిడ వచ్చే రోజున మా ఆయన కార్డులూ ఫోన్లూ పంచిపెట్టాడు, సాయంత్రం తిరిగివ్వాలన్న షరతు మీద. ఒక్క ఫోనులోనూ చార్జింగు లేదు. ఆవిడ వయసులో చిన్నదే, కాళ్ళకి మట్టి అంటినా పట్టించుకోకుండా బట్టీ అంతా తిరిగింది. మావాళ్ళు పాఠం పొల్లుపోకుండా అప్పజెప్పారు. మా ఆయన మొహం వెలిగిపోయింది, టీ తెప్పించడానికి గేటు వైపు వెళ్ళాడు. ఆవిడ తిన్నగా నా వంటింట్లోకి వచ్చి మంచినీళ్ళు అడిగింది.

తాగి గ్లాసు కింద పెట్టి, “అందరూ ఒక్క మాటే చెప్పారమ్మా, ఇంట్లో ఉన్నట్టే ఉందని. అందుకే ఇల్లు చూద్దామని వచ్చాను. ఇంట్లో ఎలా ఉంటుంది?” అంది.

ఎంత బాగా నేర్పాను! ఇంట్లో ఎలా ఉంటుందంటే, నా చదువు సర్టిఫికెట్లూ నా కార్డూ కూడా ఆ బీరువాలోనే, వాళ్ళ వాటి కిందే ఉన్నాయి. “నీ దగ్గరైతే ఎక్కడో పారేస్తావు” అన్నాడు, ఇచ్చేశాను. నా ఫోను నా దగ్గరే ఉంటుంది, కానీ ఎవరితో ఎంతసేపు మాట్లాడానో రాత్రిపూట ఆయన చూస్తాడు. ఇంతమందికి వండుతున్నాను కదా, నాకూ ఏమైనా ఇవ్వండి అని ఒకసారి అంటే, “సొంతింటి పనికి కూలీ ఏంటే, సిగ్గులేదూ?” అన్నాడు. అక్క దగ్గరికి వెళ్తానంటే “వంట ఎవరు చేస్తారు?” అన్నాడు. అత్తగారికి చెప్పుకున్నాను. “కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, ఊరుకో” అంది ఆవిడ. ఊరుకున్నాను. నేను ఊరుకున్నది చాలక, షెడ్డులో వాళ్ళందరికీ ఊరుకోవడం ఎలాగో కూర్చోబెట్టి నేర్పాను. ఛీ, నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడే పిచ్చుక బిందెతో గుమ్మంలోకొచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు. అడిగి అడిగి విసిగిపోయింది కాబోలు, బిందె దించి వెనక్కి తిరిగింది.

“ఆగవే” అని చెయ్యి పట్టుకుని లోపలికి లాగాను. “అమ్మా, ఈ పిల్ల కూతురికి ఒళ్ళు కాలిపోతోంది. ఇవాళే వెళ్ళాలి. మా ఆయన వెళ్ళనివ్వడు. వాళ్ళు మీకు చెప్పినవన్నీ నేను నేర్పిన మాటలు. వాళ్ళ తప్పేం లేదు. కార్డులు సాయంత్రానికి మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోతాయి.”

పిచ్చుక నా చెయ్యి వదల్లేదు. ఆవిడ పిచ్చుకని తేరిపార చూసి, “మా కారులో తీసుకెళ్తాను. ముందు కార్డు జాగ్రత్తగా దగ్గర పెట్టుకో తల్లీ” అంది. తర్వాత నావైపు తిరిగింది. “చెప్పండి. మిగతావి కూడా చెప్పండి.”

ఎంతసేపటి నుంచి వింటున్నాడో, మా ఆయన గుమ్మంలో ఉన్నాడు. చేతిలో టీ ఫ్లాస్కు. మొహం తేలు కుట్టిన దొంగలా ఉంది. ఆవిడ ముందు నన్ను తిట్టలేక, తెచ్చిపెట్టుకున్న నవ్వొకటి నవ్వాడు.

“ఏంటా కబుర్లు? అన్నం మాడుతోంది, ముందు దాని సంగతి చూడు.”

నిజంగానే మాడు వాసన వస్తోంది. కాళ్ళు అలవాటు కొద్దీ పొయ్యి వైపు కదిలాయి. ఆపాను. పీట లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

“మీరు దించండి” అన్నాను. “నేను మాట్లాడుతున్నాను.”