ఉండమన్నాడా, వెళ్ళమన్నాడా

కాలవల ఇంజనీరు దొరకి జగన్నాథరావు చాలా ఏళ్లుగా దుబాసీ. దొర ఇంగ్లీషు రైతులకీ, రైతుల గోడు దొరకీ చెప్పడమే ఆయన పని. ఆ ఏడు వేసవిలో మిషన్ బడిలో చదువుకున్న యెహెజ్కేలు అనే కుర్రాడు కొత్తగా పనిలో చేరాడు. అప్పట్నించీ దొర తన పడవలో ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టుకుంటున్నాడు. జగన్నాథరావు వెనక వంట పడవలో, కోళ్ల గంపల పక్కన ప్రయాణం చేస్తున్నాడు. ముందు పడవలోంచి నవ్వులు వినబడినప్పుడల్లా ఒకప్పుడు ఆ చోటు తనదేనని ఆయనకి గుర్తొచ్చేది.

మొగల్తూరు దగ్గర కాలవ గట్టు మీద జాలర్ల గుడిసెలున్నాయి. గట్టు పాడవుతుందేమోనని దొర దిగి చూశాడు. జాలర్ల పెద్ద వెంకన్న చేతులు జోడించి నిలబడ్డాడు. దొర నోట్లో చుట్ట తియ్యకుండానే, "దే మే లివ్ హియర్," అని, లాకుల వైపు నడిచి వెళ్ళిపోయాడు.

యెహెజ్కేలు మొహం వాడిపోయింది. "ఇక్కణ్ణించి వెళ్ళిపొమ్మంటున్నారండి దొరగారు," అన్నాడు వెంకన్నతో.

జగన్నాథరావుకి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చినట్టయింది. దొర అన్నది లివ్. ఉండమన్నాడు. ఈ కుర్రాడు దాన్ని లీవ్ అనుకున్నాడు. 'దొర తిరిగొచ్చి చూడనీ, వీడి చదువు బయటపడుతుంది,' అనుకుని, గొడుగు కింద నిలబడి మాట్లాడకుండా ఊరుకున్నాడు.

గుడిసెలు విప్పడం మొదలైంది. సుబ్బాయమ్మ అనే ముసలామె ఇంటి కప్పు మీంచి తాటాకులు లాగుతోంది. పచ్చి బాలింత అయిన కోడలు బిడ్డతో ఎండలోకి వచ్చి కూర్చుంది. యెహెజ్కేలు పరుగున వెళ్ళి, తన కండువాని రెండు తెడ్లకి కట్టి వాళ్ళకి నీడ పట్టాడు. కోడలు దణ్ణం పెట్టింది. తప్పు చేసినవాడికే దణ్ణాలు కూడానా అని జగన్నాథరావు పళ్ళు కొరుక్కున్నాడు.

ఇంతలో సుబ్బాయమ్మ ఆయన దగ్గరికే వచ్చింది. "బాబుగారూ, ఆ అబ్బాయి చిన్నోడండి. మీరు పెద్దోరు, మీ మాటంటే దొరకి గురి. పసిగుడ్డుంది, నెల్లాళ్ళు ఆగమని ఓసారి అడగండి బాబూ."

ఆమె చేతులు తాటాకులు కోసుకుని రక్తం కారుతున్నాయి. జగన్నాథరావు చూపు తిప్పుకోబోయాడు, తిప్పుకోలేకపోయాడు.

"అడగక్కర్లేదు. దొర వెళ్ళమనలేదు. ఉండమన్నాడు."

సుబ్బాయమ్మ ఆయన మొహంలోకి చూసింది. "మరి ఇంతసేపూ చెప్పలేదేంటండి?"

జగన్నాథరావు ఆమెని దాటుకుని వెళ్ళి, విప్పడం ఆపమని జాలర్లకి కేకేసి, దొర అన్నదేమిటో యెహెజ్కేలుకి చెప్పాడు.

దొర తిరిగి రాగానే యెహెజ్కేలు ఎదురెళ్ళి తన పొరపాటు తనే చెప్పుకున్నాడు. జగన్నాథరావుగారు సరిదిద్దారని కూడా చెప్పాడు గానీ, ఎప్పుడు సరిదిద్దారో చెప్పలేదు. దొర ముందు కోప్పడ్డాడు. తరవాత నిజం చెప్పినందుకు కుర్రాడి భుజం తట్టాడు. జగన్నాథరావు వైపు చూసి ఊరికే తలాడించాడు.

జాలర్లు మళ్ళీ కప్పులు కట్టుకుంటుంటే యెహెజ్కేలు ఆయన పక్కకి చేరాడు. "ఆ రెండు మాటలూ నాకు ఒకేలా వినబడ్డాయండి. కాస్త నేర్పుతారా?"

కాదనడానికి నోరు రాలేదు. "పొట్టిగా అంటే ఉండడం. పెదాలు సాగదీసి పలికితే వెళ్ళడం. ఏదీ, అను," అన్నాడు జగన్నాథరావు. తడబడతాడనే ఆశపడ్డాడు.

"లివ్. లీవ్," అన్నాడు యెహెజ్కేలు.

అచ్చం దొర అన్నట్టే ఉంది. తను అలా పలకడానికి పట్టిన ఏళ్ళు జగన్నాథరావుకి గుర్తొచ్చాయి. "బాగానే ఉంది," అని, మొహం కనపడకుండా గొడుగు కిందికి దించుకున్నాడు.