ఎవరి చెయ్యీ పడలేదు

గాజులు తీసి వంటింటి కిటికీ గట్టు మీద పెట్టి, తొట్టి అడుగున మెత్తటి తువ్వాలు పరిచింది కోడలు. ఇవాళ చైనా పింగాణీకి ఆఖరి స్నానం. మధ్యాహ్నానికి మ్యూజియం వాళ్లొచ్చి పట్టుకుపోతారు. నీలిపూల గిన్నెలు, పళ్లేలు, చంటిపిల్లంత కూజా, అన్నీ మామగారు దేశాలు తిరిగి ఏరుకొచ్చినవి. ఆయన కొన్నారు, మురిశారు, పోయారు. కడగడం మాత్రం ఆమె నెత్తిన పడింది. కాపురానికొచ్చిన కొత్తలోనే అత్తగారు చెప్పేసింది, "గాజులు తీసి ముట్టుకో అమ్మాయ్. గీత పడిందంటే నిన్ను అమ్మినా అంత రాదు." అప్పట్నుంచి వారం వారం బోసి చేతులే. ఉయ్యాల్లో పిల్ల గుక్కపట్టి ఏడుస్తున్నా, చేతిలో గిన్నె తుడిచి దించాకే ఎత్తుకునేది. పిల్లకి పోసిన నీళ్ల కన్నా వీటికి పోసినవే ఎక్కువ.

వచ్చిన మ్యూజియం అధికారిణి ఒక గిన్నెని వెలుతురుకి తిప్పి చూసి ముచ్చటపడింది.

"ఇన్నేళ్లు చిన్న గీతైనా లేకుండా ఎలా కాపాడారండీ?"

కోడలు నోరు విప్పేలోపే భర్త అందుకున్నాడు. "నాన్నగారి కట్టుబాటండీ. అద్దాల బీరువా, దానికి తాళం. ఎవరి చెయ్యీ పడనివ్వలేదు."

ఎవరి చెయ్యీ! కొంగుకి తుడుచుకుంటున్న చేతులు అక్కడే ఆగిపోయాయి. నీళ్లలో నాని వేళ్లు ముడతలు పడి ఉన్నాయి. మరి ఇన్నేళ్ల దుమ్ము తనంతట తానే సిగ్గుపడి దిగిపోయిందా?

"దాతల ఫలకం మీద ఎవరి పేర్లు వెయ్యమంటారు?"

"నాన్నగారిదీ, మా అన్నదమ్ములవీ."

"ఆడవాళ్లవెందుకులెండి, మేమేమన్నా కొన్నామా!" అత్తగారు నవ్వింది.

"కడిగాం కదా," అంది కోడలు.

అత్తగారికి ఉన్నట్టుండి చెవుడొచ్చింది. "మా ఆవిడకి వేళాకోళం ఎక్కువలెండి," అని భర్త సర్దేశాడు.

కూజాతో ఫోటో తీద్దామంది అధికారిణి. భర్త జుట్టు సవరించుకుంటూ, "ఏమోయ్, ఆ కూజా తెచ్చి నా చేతికిచ్చి పక్కకి జరుగు. గాజులు తీశావు కదా?" అన్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్లింది. గట్టు మీది గాజులు ఒక్కొక్కటే ఎక్కించుకుంది. తడి చేతులకి సులువుగానే ఎక్కాయి. తిరిగొచ్చి సోఫాలో, అత్తగారి పక్కనే, వీపు ఆనించి కూర్చుంది.

"వేసుకున్నానండీ," అంది. "మీరే ఎత్తండి."

భర్త కూజా ముందుకెళ్లాడు. మెడ పట్టుకోవాలో నడుం పట్టుకోవాలో తెలియక రెండు చేతులూ గాల్లో నిలబడ్డాయి. కెమెరా ఎదురుచూస్తోంది.

"దీన్నెక్కడ పట్టుకోవాలి?" అన్నాడు గొంతు తగ్గించి.

"నాకేం తెలుసండీ," అంది ఆమె, అందరికీ వినబడేలా. "నా చెయ్యెప్పుడు పడిందని?"