ఇంకా పుట్టని చేదు

నారింజ రసం ఫ్యాక్టరీలో మావయ్య మాటంటే మాటే. కొత్త ట్యాంకు రసం ఆయన నాలుక దాటనిదే సీసాలోకి దిగదు.

"తేనె! నింపేయండి," అన్నాడాయన ఆ పొద్దున గ్లాసు దింపుతూ.

మేనకోడలు తలెత్తలేదు. ఆమె చేతిలో గోరంత సిలికాన్ చిప్పు. దానికి పూసిన ఎంజైము రసంలో ఒకే ఒక్క పదార్థాన్ని పట్టి కొరుకుతుంది. ఇప్పుడు ఏ రుచీ లేకుండా ఉండి, కొన్ని గంటల్లో చేదుగా మారే పదార్థమది. కొరికినప్పుడల్లా పుట్టే కాస్త ఆమ్లం చిప్పులోని కరెంటును కదిలిస్తుంది. పలచన చేసిన రసంలో ముంచగానే తెరమీద గీత నిటారుగా లేచింది. పోల్చి చూడ్డానికి పెట్టిన, ఎంజైము పూయని జోడు చిప్పు ఉలకలేదు, పలకలేదు.

"సాయంత్రానికి చేదెక్కుతుంది, మావయ్యా."

"నా నాలుక్కి తగలని చేదు నీ పెంకుముక్కకెలా తగిలిందే?"

మేనేజరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఆపమంటారా, నింపమంటారా? ఊరికే ఆపిస్తే మాత్రం నీ చిప్పుల పెట్టె సర్దుకోవాల్సిందేనమ్మా."

ఆమె తనలోకి చూసుకుంది. భయం ఉంది. తప్పవుతానని కాదు, ఒప్పవుతానని. చిన్నప్పుడు ఆమెకు జ్వరమొస్తే, మందు ముందు తను చప్పరించి చూసి పట్టిన మనిషి ఆయన. ఆ నాలుకను అందరి ముందూ అబద్ధం చేయాలా? అబద్ధమెందుకవుతుంది? ఆ నాలుక ఉన్నది ఉన్నట్టే చెప్పింది. రాబోయేదాన్ని గురించి దాన్నెవరూ అడగలేదు.

"ఆపండి," అంది.

మావయ్య ముఖం ముడుచుకున్నాడు. అప్పుడే పిండింది తప్ప ఆయన రుచి చూడడు. ఒకసారి చూసిన గ్లాసు మళ్ళీ ముట్టడు. ఆ పట్టుదల చాటునే ఇన్నాళ్ళూ చేదు కొట్లదాకా వెళ్ళేది, నింద సీసాల మీద పడేది.

"ఆ గ్లాసుకి మూతపెట్టాను. సాయంత్రం ఒక్క గుక్క, నాకోసం."

"మేనకోడలివైపోయావు కాబట్టి నోటిదాకా వచ్చింది మింగుతున్నా."

"అన్నీ మింగేయకండి. ఆ గుక్కకి కాస్త చోటుంచండి."

సాయంత్రం ఆయన ఆ గ్లాసు తీసుకుని గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు. బయట నిలబడ్డ ఆమెకు ముందు ఉమ్మిన చప్పుడు, తర్వాత కుళాయి, చాలాసేపు కుళాయి వినిపించాయి. లోపలికి వెళ్ళాలనిపించలేదు.

తలుపు తీసి ఆయనే మేనేజరుకు ఫోన్ చేశాడు. "ఆ ట్యాంకు బాగా తియ్యగా ఉన్నదాంట్లో కలిపించండి. నేను చెప్పానని... కాదులెండి. మా అమ్మాయి చెప్పింది."

ఫోన్ పెట్టేసి, ఆమె వంక చూడకుండా అడిగాడు. "రేపు ఎన్నింటికి తగలడతావ్?"

"మీకంటే ముందే."