వంకర పాదాల డిస్కు

మా మరిదికి ఇంట్లో మేధావి అని పేరు. పెట్టింది మా అత్తగారు, అనుభవిస్తున్నది నేను.

నేను వంకర పాదాలకు చెప్పులు కుడతాను. ఒక్కొక్కరి పాదం కొలతలు, అచ్చు బొమ్మ, ఎక్కడ ఒత్తితే నొప్పో ఆ వివరం, అన్నీ దుకాణంలోని కంప్యూటర్లో ఉంటాయి. కిందటేడు మరిది అందులో లినక్స్, అదే కంప్యూటర్‌ను నడిపే సిస్టమ్, మళ్ళీ ఎక్కిస్తూ డిస్కు మొత్తం తుడిచేశాడు. కాపీ దాచుకున్న బయటి డిస్కును అంతకుముందే పట్టుకుపోయి, ఖాళీ చేసి, సినిమాలు నింపుకున్నాడు.

"కొలతలేగా వదినా, మళ్ళీ తీసుకుంటే పోలా?" అన్నాడు.

మళ్ళీ తీసుకున్నాను. మోకాలు వంగని పెద్దాయన నా బల్ల మీద పాదం పెట్టి పళ్ళు బిగబట్టుకుని కూర్చుంటే, మరిదిని చెప్పుచ్చుకు కొట్టాలనిపించింది. చేతిలో చెప్పు ఉంది కూడా.

అప్పుడే పట్టుబట్టి డిస్కును రెండు భాగాలు చేయించాను. ఒకటి సిస్టమ్‌కు, రెండోది నా ఫైళ్ళకు. సిస్టమ్ పాడైతే మొదటి భాగం తుడుచుకోవచ్చు, రెండోదాని జోలికి పోనక్కర్లేదు. "ఇంత డిస్కుకు రెండు భాగాలేంటి, చోటు దండగ" అని చాలా రోజులు సణిగాడు.

ఇవాళ సిస్టమ్ మళ్ళీ మొరాయించింది. మేధావి పిలవకుండానే వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. నేను వెనకే నిలబడ్డాను. తెర మీద భాగానికో వరుస, వరుస చివర ఫార్మాట్, అంటే తుడిచెయ్యమని, ఒక గడి. మొదటి గడిలో టిక్కు పెట్టాడు. అదే ఊపులో రెండోదానిలోనూ పెట్టాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ రెండో టిక్కు తీయి."

"అంతా ఫ్రెష్‌గా ఉంటుంది వదినా. నీ రెండు భాగాలూ అలాగే ఉంటాయిగా!"

"గోడ ఉంచి గదిలో సామాను తగలబెడతావా? లే."

"అబ్బ, ఇంత చిన్నదానికి..."

"లే అన్నానా!"

లేచాడు. టిక్కు తీసి, రెండు వరుసలూ మళ్ళీ చదివి, ఇన్‌స్టాల్ నొక్కాను. పని పూర్తయి కంప్యూటర్ లేవగానే పెద్దాయన ఫైలు తెరిచాను. ఆయన పాదం భద్రంగా ఉంది.

మరిది చల్లగా గుమ్మం వైపు జారుకుంటున్నాడు.

"ఆగు. నా బయటి డిస్కు రేపు పొద్దున ఈ బల్ల మీద ఉండాలి."

"అందులో నా సినిమాలున్నాయి వదినా! ఎన్నాళ్ళు కష్టపడి దింపుకున్నానో తెలుసా?"

"తుడిచేస్తాను. సినిమాలేగా, మళ్ళీ దింపుకుంటే పోలా?"