తొణకని గ్లాసు

మా బాబాయి కుర్చీల దుకాణంలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు కుర్చీ పూర్తి చేసినా, బాబాయి టీ గ్లాసు నిండా పోయించుకుని, దాన్ని కుర్చీ చేతి మీద పెట్టి, తను అందులో కూర్చుని అటూ ఇటూ ఊగుతాడు. టీ తొణక్కపోతే కుర్చీ అమ్మకానికి పోతుంది. తొణికితే, చేసినవాళ్ళే తమ తువ్వాలుతో తుడవాలి. నా తువ్వాలు అసలు రంగేమిటో నేను మర్చిపోయాను. ఆ దుకాణంలో నాకన్నా ఎక్కువ టీ అదే తాగింది.

నేను పనికి చేరినప్పటినుంచీ అంతే. "కాళ్ళు నాట్యమాడుతున్నాయే," అనేవాడు బాబాయి. పెదమేస్త్రి, అంటే అక్కడ అందరికన్నా పాతవాడు, ఏమీ అనకుండా జాలిగా చూసేవాడు. దానికన్నా తిట్టే నయం.

నా తప్పేమిటో నాకు తెలుసు. కుర్చీ కాలి కొసని కూర్చునే పీట బెజ్జంలోకి దిగ్గొట్టేటప్పుడు కర్ర ఎక్కడ చీలుతుందోనని ప్రాణం గుప్పిట్లో పెట్టుకునేదాన్ని. అందుకని కొసని, కొలిచి గీసుకున్న గీత దాటి ఇంకొక్క పొర చెక్కేసేదాన్ని. కాలు సులువుగా దిగేది. మిగిలిన సందులో జిగురు కూరేదాన్ని. తెలిసి కూడా చెయ్యి ఆగేది కాదు. ఎలాగూ తొణుకుతుందిలే అనుకుంటూ చేసేదాన్ని, తొణికేది.

ఇంతలో మామయ్య కబురు పెట్టాడు, తన బట్టల కొట్టులో కౌంటర్ దగ్గర కూర్చోమని. వానలు మొదలయ్యేలోపు ఏ సంగతీ చెప్పమన్నాడు. వెళ్తే నాకు కర్రపని రాదని నేనే ఒప్పుకున్నట్టు. నాకేమో ఆ పని తప్ప ఇంకేదీ చెయ్యాలని లేదు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం బాబాయి నా కుర్చీలో మెల్లగా కూర్చుని, తీరిగ్గా టీ తాగి, "బాగుందే," అన్నాడు.

ఇంకెవరితోనైనా అంటున్నాడేమోనని వెనక్కి తిరిగి చూశాను.

నమ్మితే ఒట్టు. మోకాళ్ళ నొప్పులు కదా, ఊగే ఓపిక లేక అన్నాడనుకున్నాను. తర్వాతి కుర్చీకీ అదే మాటంటే, ఆ పూట పిన్ని పోట్లాడకుండా సాగనంపి ఉంటుందనుకున్నాను. ఆ తర్వాతిదానికి టీలో పంచదార సరిపోయిందనుకున్నాను. నన్ను నేను తీసిపారేసుకోవడంలో నన్ను మించిన పనిమంతురాలు లేదు. కానీ ఎన్నని సాకులు వెతుకుతాం? వారాల తరబడి అదే మాట వింటుంటే సాకులు అయిపోయాయి. ఒక సాయంత్రం ఇంటికి నడుస్తూ, పోనీ నిజమేనేమో అనుకున్నాను. అలా అనుకున్నందుకు మీద పిడుగేమీ పడలేదు.

ఆ తర్వాత చేతికి భయం తగ్గింది. గీత దగ్గర ఆపేసేదాన్ని. కొస బిగుతుగా ఉన్నా కొయ్యసుత్తితో గట్టిగా దిగ్గొట్టేదాన్ని. ఒక్కటీ చీలలేదు. జిగురు మునుపటిలో సగం కూడా పట్టేది కాదు. మామయ్యకు రానని చెప్పేశాను.

"నేను చెప్పలేదూ, నీకేం తక్కువని," అంది అమ్మ. మహా ధీమాగా అంది. ఆ ధీమా ఎక్కడిదని అడగాలని నాకు తోచలేదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు గొడుగు మర్చిపోయి దారిలోంచి వెనక్కి వచ్చాను. దుకాణం ముందు తలుపు వేసి ఉంది. వెనక షెడ్డులో సుత్తి చప్పుడు. వెళ్ళి చూస్తే, నేను ముందురోజు చేసిన కుర్చీ తలకిందులుగా ఉంది. బాబాయి పీట పట్టుకున్నాడు. పెదమేస్త్రి దాని కాలు ఊడగొడుతున్నాడు.

"ఏం చేస్తున్నారు?" అన్నాను.

బాబాయి ముఖం పాలిపోయింది. "ఏం లేదే, చిన్న సర్దుబాటు."

"ఎన్నాళ్ళనుంచి సర్దుతున్నారు?"

పెదమేస్త్రికి అబద్ధం చేతకాదు. "బాగుందన్న మొదటిరోజు నుంచీ, పాపా. నువ్వెళ్ళాక విప్పి మళ్ళీ బిగిస్తున్నాం."

నేను బాబాయి వైపు తిరిగాను. "మరి ఎందుకన్నావు?"

"మీ అమ్మ వచ్చిందే. పిల్ల అన్నం సరిగ్గా తినడం లేదు, ఒక్క మంచి మాటంటే నీ సొమ్మేం పోయింది అంది. వదిన మాట తీసెయ్యలేకపోయాను."

ఒళ్ళు మండిపోయింది. అమ్మా బాబాయీ కలిసి నన్ను చంటిపిల్లను చేశారు. ఆ మెల్లగా కూర్చోవడం మోకాళ్ళ నొప్పి వల్ల కాదు, టీ తొణక్కుండా చూడటానికి.

"నీ మాట నమ్మి మామయ్యకు రానని చెప్పాను," అన్నాను. "కొట్టండి, పెదమేస్త్రీ. నా ముందే ఊడగొట్టండి."

మొహమాటపడుతూనే కొట్టాడు. కాలు కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. నుదురు తుడుచుకుని, "ఈమధ్య అన్నీ ఇలాగే మొండికేస్తున్నాయి," అన్నాడు. "జిగురు ఎక్కువ పోస్తున్నావనుకున్నాం."

"జిగురు సగానికి తగ్గించాను."

ఆయన కుర్చీని రెండో వైపు తిప్పి, బలంకొద్దీ ఒక్కటి వేశాడు. కాలు ఊడలేదు. పీట నిలువునా చీలింది.

చీలిన పీటలో కూడా కొస బెజ్జం అంచుని వదల్లేదు. పెదమేస్త్రి దాన్ని వేలితో తడిమి, "ఇది విప్పాల్సిన కుర్చీ కాదు," అన్నాడు. సుత్తి కింద పెట్టి, "ఈమధ్యవి ఏవీ కాదేమో," అన్నాడు.

"బాగుందే," అన్నాడు బాబాయి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈసారి నిజంగా అంటున్నాను."

అదే మాట, అదే గొంతు. సంతోషపడదామని చూశాను, నావల్ల కాలేదు. గొడుగు తీసుకుని వచ్చేశాను.

ఇంట్లో అమ్మ రోజూలాగే, "ఏమన్నాడే బాబాయి?" అని అడిగింది.

"బాగుందన్నాడు."

"చూశావా మరి," అని నవ్వుతూ ఇంకాస్త అన్నం వడ్డించింది. ఆవిడ ముఖం వంక చూడకుండా తినేశాను. తిన్నానని సంబరపడింది.

తర్వాతి కుర్చీ పూర్తయిన రోజు బాబాయి నిండు గ్లాసు పట్టుకుని, చాలా రోజుల తర్వాత, గట్టిగా ఊగడానికి సిద్ధమై వచ్చాడు.

"కూర్చోకు బాబాయ్," అన్నాను. కుర్చీని తలకిందులు చేసి, కొయ్యసుత్తి పెదమేస్త్రి చేతికిచ్చాను. "కొట్టండి."

ఆయన కాలిని పట్టి చూశాడు. "మళ్ళీ చీలుతుంది పాపా. బంగారంలాంటి కుర్చీ."

"చీలితే చీలనివ్వండి. మీ నోటి మాట మాత్రం నాకొద్దు."

బాబాయి చేతిలో టీ తొణికి నేల మీద పడింది. నా భుజం మీది తువ్వాలు తీసి, తుడవమని ఆయనకిచ్చాను.