పాసైన హీటరు

ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసినప్పటి నుంచి అత్తగారికి కాలు నిలవలేదు. సోఫా మీది గుడ్డలు మార్పించారు. బయట చలికి పళ్ళు టకటకలాడుతున్నా కిటికీలన్నీ బార్లా తెరిపించారు. రొదలో మాటలు వినపడవని పెద్దకోడలి చేత వంటింటి ఎగ్జాస్టు ఫ్యాను కూడా ఆపించారు.

ఇల్లంతా వెచ్చబెట్టే కొత్త గ్యాస్ హీటరు వంటింటికీ చిన్నగదికీ మధ్య నడవలో ఉంది. ఇన్‌స్పెక్టరు దాన్ని వెలిగించాడు. అగ్గిపుల్ల గీసి ఆర్పి, పొగగొట్టం మొదట్లో గొడుగులా ఉన్న రేకు కింద పట్టుకున్నాడు. సన్నటి పొగ బుద్ధిగా గొట్టంలోకి వెళ్ళిపోయింది.

"నిబంధన ప్రకారమైతే కిటికీలు మూసి, ఫ్యాను వేసి చూడాలమ్మా," అన్నాడు మొహమాటంగా.

"ఇంటికొచ్చిన మనిషిని గాలాడకుండా కూర్చోబెడతామా బాబూ! ముందు టీ తాగు, చల్లారిపోతోంది," అన్నారు అత్తగారు.

హీటర్లు బిగించడం పెద్దకోడలి మరిది వృత్తి. ఈ వాటాకే కాదు, ఈ మేడలో అన్ని వాటాలకూ అతనే బిగించాడు. "నా చేతిపని సార్. దానికి దిష్టి తప్ప వేరే జబ్బు రాదు," అన్నాడు. ఇన్‌స్పెక్టరు నవ్వేసి పచ్చ స్టిక్కరు అంటించాడు. పై వాటాలకు అత్తగారు ముందే కబురు పంపారు. అక్కడా కిటికీలు తెరిచే ఉన్నాయి. అక్కడా అన్నీ పాసయ్యాయి.

అతను గేటు దాటాడో లేదో కిటికీలన్నీ ధడధడా మూసుకున్నాయి.

ఆ తర్వాతే మరిది భార్య అయిన తోడికోడలికి తలనొప్పి పట్టుకుంది. కడుపుతో ఉన్న పిల్ల, చిన్నగదిలో ముసుగుతన్ని పడుకునేది. "వేవిళ్ళే. మేం పడలేదూ?" అన్నారు అత్తగారు. బజారుకు తీసుకెళ్తే మాత్రం చేత్తో తీసేసినట్టు పోయేది.

"మా ఆవిడకు బజారే మందు వదినా. ఖరీదైన మందు!" అనేవాడు మరిది.

పెద్దకోడలూ నవ్వింది. కానీ నడవలో కిటికీ అద్దం ఆ నవ్వును నిలవనివ్వలేదు. ఆమె వంట మొదలుపెట్టినప్పుడల్లా అద్దం చెమర్చేది. తుడిచేది, మళ్ళీ చెమర్చేది. వంట ఆవిరంతా ఫ్యాను లాగేస్తోంది కదా, మరి ఈ తడి ఎక్కడిది?

ఆ మధ్యాహ్నం పొయ్యి మీద వేపుడు మాడుతున్నా వదిలేసి నడవలోకి వచ్చింది. ఇన్‌స్పెక్టరు చేసినట్టే అగ్గిపుల్ల గీసి ఆర్పి, రేకు కింద పట్టుకుంది.

పొగ పైకి పోలేదు. వంగి, ఆమె ముఖం మీదుగా వంటింటి వైపు పాకింది.

వెళ్ళి పొయ్యి కట్టేసి, ఫ్యాను ఆపి వచ్చి మళ్ళీ పట్టుకుంది. ఈసారి పొగ గొట్టంలోకి వెళ్ళింది.

కిటికీలు మూసిన ఇంట్లోంచి ఫ్యాను గాలిని బయటికి తోడేస్తోంది. లోపలికి గాలి రావడానికి పొగగొట్టం ఒక్కటే దారి. ఆ దారిలో హీటరు వదిలిన ఆవిరీ, విషవాయువూ వెనక్కి దిగుతున్నాయి.

హీటరు కట్టేసింది. కిటికీ తోసి చిన్నగది తలుపు కొట్టింది.

"పడుకుంది, లేపకే," అన్నారు అత్తగారు.

"అంబులెన్సుకు ఫోన్ చేయండి అత్తయ్యా!"

తోడికోడలు కళ్ళు తెరిచింది గాని లేవలేకపోయింది. "అక్కా, కాళ్ళు నావి కానట్టున్నాయి," అంది మత్తుగా. పెద్దకోడలు ఆమెను చంకల కింద పట్టి బాల్కనీలోకి ఈడ్చుకొచ్చింది. మరిది హాల్లోంచి పరుగెత్తుకొచ్చి భార్య తలను ఒళ్ళోకి తీసుకున్నాడు. చలిగాలికి ఆమె దగ్గింది, ఇంకోసారి దగ్గింది. అతను స్టిక్కరు వైపు చూశాడు.

"పాసైంది కదా వదినా..."

"కిటికీలు తెరిచి ఉంటే పాసైందయ్యా."

నెత్తిమీద గుయ్యిమని రొద మొదలైంది. పై వాటా వంటింటి ఫ్యాను. వంటల వేళ. దానిపైన ఇంకొకటి అందుకుంది.

పెద్దకోడలు బాల్కనీ బయటికి వంగి తలెత్తి చూసింది. ఈ చలికి కిటికీ ఒక్కటీ తెరిచి లేదు. ప్రతి అద్దం లోపలి వైపు నుంచి చెమర్చి ఉంది.

భార్యను వదిన చేతుల్లో పెట్టి మరిది మెట్లెక్కాడు. పై వాటా తలుపు రెండు చేతులా బాదుతున్న చప్పుడు కిందికి వినిపిస్తూనే ఉంది. తలుపు తెరిచిన చప్పుడు మాత్రం రాలేదు.